శుక్రవారం ఓడి, ఆదివారం గెలిచి

సినిమా విడుదలైన మధ్యాహ్నానికల్లా హిట్టో ఫట్టో తేల్చేస్తున్న రోజులివి. సుచిత్ర చౌరస్తా చుట్టుపక్కల కాలనీల్లో మాత్రం, పని మధ్యలో టీవీ చూసే జనం తమ మాటను ఇంకా తీరిగ్గానే చెబుతున్నారు. ఆ మాట వల్ల నిలబడిన సినిమాలూ సీరియళ్లూ చాలానే ఉన్నాయి.

శనివారం పొద్దున సుచిత్ర చౌరస్తాలో ఏ టిఫిన్ బండి దగ్గర నిలబడినా, ముందురోజు వచ్చిన సినిమా సంగతి మూడు నాలుగు యాసల్లో చెవిన పడుతుంది. ఇడ్లీ ప్లేటు అందుకుంటూ ఒకరు "ఎట్లుందన్నా?" అంటే, "ఫస్టాఫ్ మస్తుంది. సెకండాఫ్‌ల జర సాగదీసిండు" అని జవాబు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన సిక్కోలు కుర్రాడు "ఏటి సాగదీత? మాకైతే నచ్చీసింది" అని అడ్డం పడతాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన "హీరో బానే చేశాడండి, కథే లేదండి బాబూ" అని చేతులు కడుక్కుంటాడు. ఎవరి మాటా ఎవరూ కాదనరు. టీ తాగేలోపు మాట క్రికెట్ మీదికి పోతుంది.

ఇన్ని యాసలు ఒక్కచోట కలవడానికి కారణం ఈ చౌరస్తా ఉన్న తీరే. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు బోయిన్‌పల్లి, సికింద్రాబాద్. ఇంకోవైపు కొంపల్లి, మేడ్చల్. ఒక పక్కకు తిరిగితే కుత్బుల్లాపూర్, జీడిమెట్ల పారిశ్రామికవాడ. మరో పక్కకు పోతే లయోలా అకాడమీ, పాత అల్వాల్. ఫార్మా కంపెనీల్లో, ప్లాస్టిక్ యూనిట్లలో పనికని కరీంనగర్ నుంచి, మెదక్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఈ గల్లీల్లో పక్కపక్క గదుల్లో ఉంటారు. కొత్త సినిమా చూడాలంటే కొంపల్లి సినీప్లానెట్‌కో, చింతల్‌లోని షా–షహెన్‌షాకో వెళ్తారు. చాలామంది అసలు వెళ్లరు. టీవీలో వచ్చేదాకా ఆగుతారు.

ఈ కథనం ముఖ్యంగా అలా ఆగేవాళ్ల గురించే.

వీళ్లు హీరో కటౌట్‌కి పాలు పోయరు. సమీక్షలు రాయరు. థియేటర్ గేటు దగ్గర మైకు పట్టుకున్న కుర్రాళ్లకు దొరకరు. సినిమా ఆడినా ఆడకపోయినా వీళ్లకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అందుకే నాకు వీళ్ల మాట మీద గురి. మొదటిరోజు హడావిడిలో ఓడిపోయిన సినిమాను మళ్లీ లేపి కూర్చోబెట్టింది చాలాసార్లు వీళ్లే. అన్నిటికంటే పెద్ద రుజువు 'ఖలేజా'.

2010 అక్టోబర్ 7న ఆ సినిమా వచ్చినప్పుడు అంచనాలు కొండంత. 2007లో 'అతిథి' తర్వాత మూడేళ్లపాటు మహేష్‌బాబు తెర మీద కనబడలేదు. పైగా 'అతడు' తీసిన త్రివిక్రమ్ దర్శకుడు. అభిమానులు ఇంకో 'పోకిరి' కోసం సిద్ధమై వెళ్లారు. అక్కడ కనిపించింది ఆపకుండా వాగే టాక్సీ డ్రైవర్ అల్లూరి సీతారామరాజు. తన తిప్పలన్నిటికీ కారణం సుభాషిణి అనే అమ్మాయేనని విసుక్కుంటూ, రాజస్థాన్ ఎడారిలో ఆమెతో కీచులాడుతూ తిరుగుతుంటాడు. మరోపక్క, చచ్చిపోతున్న తన ఊరిని కాపాడే దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరిన మనిషిగా షఫీ. ఆ దేవుడు ఈ డ్రైవరేనని ఊరు నమ్ముతుంది, డ్రైవర్ నమ్మడు. 'పోకిరి'లో పొదుపుగా మాట్లాడిన హీరో ఇక్కడ అంత మాట్లాడేసరికి, మాస్ సినిమాలో దేవుడి ప్రస్తావన అంత మెలికగా వచ్చేసరికి, మొదటి వారం జనానికి ఎటూ పాలుపోలేదు. పెట్టిన డబ్బుకు తగ్గ వసూళ్లు రాలేదు. ఫ్లాప్ అని రాసేశారు.

తర్వాత సినిమా టీవీలోకి వచ్చింది. ఒకసారి కాదు, పండక్కీ, ఆదివారానికీ, ఊరికే మధ్యాహ్నాలకీ వచ్చింది. అక్కడ దాని జాతకం మారిపోయింది.

ఎలా మారిందో చూడాలంటే సుచిత్ర లోపలి గల్లీలో ఒక టైలరమ్మ దుకాణానికి రావాలి. ముందు గదిలో రెండు మిషన్లు, గోడకు చిన్న టీవీ. ఆమె చీరకు ఫాల్ కుడుతూ ఉంటుంది, తల ఎత్తదు. తెర మీద మహేష్‌బాబు నోరు తెరవకముందే డైలాగు ఈమె పెదాల మీద ఉంటుంది. ప్రకటనలు రాగానే చానల్ మార్చదు, మిషన్ వేగం పెంచుతుంది. సినిమా మళ్లీ మొదలవగానే వేగం తగ్గిస్తుంది. "అప్పట్ల మా ఆయన థియేటర్ల చూసొచ్చి బాగలేదన్నడు సార్. నేను గీ టీవీల చూసిన. మొదట్ల నాకూ సమజ్ గాలే. సగం నుంచి చూసిన, మల్లోసారి మొదలు చూసిన, ఆఖరు ఇంకోసారి చూసిన. ఇప్పుడు ఆయనే పెట్టుమంటడు" అని చెప్పింది. హీరో దేవుడా కాదా అని అడిగితే సూది దారం కొరికి, "ఆయన కాదంటడు, ఊరోళ్లు అవునంటరు. ఊరోళ్లకు అక్కెర ఉంది గదా, వాళ్లే నిజం" అంది. 'ఖలేజా' మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటైన మాట తగల్లేదు.

ఆమె చెప్పిన దాంట్లో ఇంకో సంగతి ఉంది. థియేటర్లో సినిమాను మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపులో చూడాలి. టీవీలో మనకు వీలైన చోట దిగొచ్చు, వీలైన చోట ఎక్కొచ్చు. కథ ఎటు పోతుందో ముందే తెలుసు గనక మనసు సన్నివేశం మీద నిలుస్తుంది. త్రివిక్రమ్ రాసే మాటల్లో వెనకాల ఇంకో అర్థం నక్కి ఉంటుంది. ఈలల గోలలో అది వినబడదు. కూరగాయలు తరుగుతూ నాలుగోసారి వింటే వినబడుతుంది. మణిశర్మ నేపథ్య సంగీతం విలువ కూడా అలాగే ఆలస్యంగా తెలిసింది.

2025 మే 30న 'ఖలేజా'ను మళ్లీ థియేటర్లలో వేస్తే టికెట్ల కోసం ఎగబడ్డవాళ్లలో 2010లో బడికి కూడా పోని పిల్లలున్నారు. వాళ్లకు ఈ సినిమా ఫ్లాప్ అన్న సంగతే ఎవరో చెప్పాలి. వాళ్ల లెక్కలో ఇది చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆడుతున్న మంచి సినిమా. ఇంత అభిమానం తెచ్చుకున్నా సినిమాలో లోపాలు మాయమవలేదని నా అభిప్రాయం. ప్రకాష్‌రాజ్ చుట్టూ నడిచే గనుల కథ అప్పుడూ తేలిపోయింది, ఇప్పుడూ తేలిపోతుంది. టైలరమ్మ కూడా ఆ భాగం వచ్చినప్పుడే టీ పెట్టడానికి లేచింది.

'అతడు' సంగతి కొంచెం వేరు. 2005 ఆగస్టు 10న వచ్చింది, బాగానే ఆడింది. కానీ దాని అసలు బతుకంతా 'మా టీవీ' చానల్‌లోనే. వెయ్యిసార్లకు పైనే వేశారని అందరూ చెప్పుకుంటారు. లెక్క ఎంతైనా, నాజర్ తాతయ్య పాత్రనూ, తనికెళ్ల భరణి పొలం గొడవనూ తమ ఇంటి సంగతుల్లా చెప్పుకునే కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. 'ఆరెంజ్' కూడా 2010 నవంబర్‌లో దెబ్బతిని, పాటల పుణ్యమా అని బతికి, 2023లో మళ్లీ తెర మీదికొచ్చి హాళ్లు నింపింది.

థియేటర్లో ఒక మాట, ఇంట్లో ఒక మాట ఎందుకవుతుందంటే డబ్బు కూడా ఒక కారణం. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో 120 ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా రూ. 250, పైన జీఎస్టీ. ఏసీ సింగిల్ స్క్రీన్‌లో రూ. 150. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతితో ఇంకా పెంచుకుంటారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మల్టీప్లెక్స్‌కు వెళ్తే టికెట్లకే వెయ్యి దాటుతుంది. పాప్‌కార్న్, ఆటో కలిపితే జీడిమెట్లలో హెల్పర్‌గా చేసే మనిషికి అది రెండు మూడు రోజుల కూలి. అంత పెట్టినవాడు సినిమా కాస్త తడబడ్డా ఊరుకోడు, ఊరుకోవాల్సిన అవసరమూ లేదు. అదే సినిమా ఇంట్లో కాలు చాపుకొని చూస్తే తప్పులు తప్పులుగా, ఒప్పులు ఒప్పులుగా కనిపిస్తాయి. నిర్మాతలు "ఫ్యామిలీ ఆడియెన్స్ రావడం లేదు" అని బాధపడే ప్రతిసారీ ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

మాటమీద సినిమా బతకడం ఇప్పటి విద్య కాదు. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు పలచగానే ఉన్నాయని ఆ తరం వాళ్లు చెబుతారు. స్టార్ హీరో లేడు. నడివయసు దాటిన జె.వి. సోమయాజులు, శాస్త్రీయ సంగీతం. చూసినవాళ్లు ఇంటికెళ్లి పక్కింటికి చెప్పారు. ఆ చెప్పడమే దాన్ని తెలుగు నేల దాటించింది. అప్పట్లో సినిమాకు ఆగే ఓపిక ఉండేది, రెండో వారం, మూడో వారం అనే మాటలకు అర్థం ఉండేది. ఇప్పుడు సోమవారానికల్లా స్క్రీన్లు తగ్గిపోతాయి. దర్శకుడు కె. విశ్వనాథ్, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు ఇవాళ అదే సినిమా తెస్తే పక్కింటికి చెప్పే వ్యవధి దానికి దొరికేదా అన్న ఆలోచన నన్ను కలవరపెడుతుంది.

సీరియళ్ల విషయంలో సామాన్య ప్రేక్షకుల చేతికి ఇంకా పదునైన ఆయుధం ఉంది. అది రిమోట్. 'కార్తీకదీపం' కథ తెలిసిందే. 2017 అక్టోబర్‌లో స్టార్ మా లో మొదలైంది. మలయాళ 'కరుత్తముత్తు' ఆధారం. ప్రేమీ విశ్వనాథ్ అక్కడా ఇక్కడా తనే. తెలుగువాళ్లకు ఆమె పేరు కంటే వంటలక్క అన్న పిలుపే దగ్గరైంది. నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబు. రాత్రి ఏడున్నరకు సుచిత్ర అపార్ట్‌మెంట్లలో లిఫ్టు దగ్గర ఆడవాళ్లెవరూ కనిపించని కాలం ఒకటి నడిచింది. మగవాళ్లూ చూశారు, ఒప్పుకోవడానికి మొహమాటపడ్డారు.

2022 మార్చిలో రచయితలు వంటలక్క దీపనూ, డాక్టర్ బాబు కార్తీక్‌నూ ప్రమాదంలో చంపేసి, కథను ముందుకు దూకించి, పిల్లలు పెద్దవాళ్లయినట్టు చూపించారు. జనం ఒప్పుకోలేదు. ధర్నాలు చేయలేదు, లేఖలు రాయలేదు. చానల్ మార్చారు. "దీప లేనిది నేనేం చూడాలె?" అని మా పైఅంతస్తు అమ్మమ్మ ఆ ఏడున్నరకు విష్ణుసహస్రనామం పెట్టుకుంది. ఆ ఏడాది గడవకముందే దీపా వచ్చింది, కార్తీకూ వచ్చాడు. అమ్మమ్మా వచ్చింది. 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. 2024 మార్చిలో అదే జంటతో 'కార్తీకదీపం: ఇది నవ వసంతం' అని కొత్త కథ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక చానల్ ఇంతగా తల వంచింది ఏ విమర్శకుడి రాతకూ కాదు.

అయితే ఈ మాటలన్నీ బంగారమని నేను చెప్పను. ఆడవాళ్ల రూపం గురించి మాట్లాడేటప్పుడు ఇదే టిఫిన్ బండి చాలా కఠినంగా మారుతుంది. నల్లపిల్ల పడే అవమానాల మీద నడిచిన 'కార్తీకదీపం'లో ప్రేమీ విశ్వనాథ్‌కు మేకప్‌తో రంగు తగ్గించారు. నిజంగా ఆ ఛాయలో ఉన్న నటిని పెట్టలేదేమని నా చుట్టూ చూసేవాళ్లలో ఎవరూ అడగలేదు. అనుష్క 2015లో 'సైజ్ జీరో' కోసం బరువు పెరిగితే ఆ కష్టం మీద మాట్లాడినవాళ్లు తక్కువ, "లావైంది" అని పెదవి విరిచినవాళ్లు ఎక్కువ. హీరోకు యాభై ఏళ్లొచ్చినా "ఇంకా ఎట్లున్నడో చూడు" అనే నోళ్లే ఇవి. ఈ ఒక్క విషయంలో సామాన్య ప్రేక్షకుడు తనను తాను దిద్దుకోవాలి. ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

సరదా అభిప్రాయం ఎక్కడ ముదిరి మంకుపట్టు అవుతుందో చూపించింది బిగ్ బాస్. 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలైంది, 2018లో నాని, ఆ తర్వాత నుంచి నాగార్జున. రెండో సీజన్‌లో గెలిచిన కౌశల్ కోసం ఏకంగా 'ఆర్మీ' అనే పేరుతో జనం కూడారు. ఇష్టపడటం దాకా బాగానే ఉంది. 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానుల గుంపు అదుపు తప్పి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఆ బస్సుల్లో ఇంటికెళ్తున్నవాళ్లు ఏ పోటీదారుకూ ఓటు వేసి ఉండకపోవచ్చు. ఏడాది తిరిగేసరికి, 2024 డిసెంబర్ 4న, 'పుష్ప 2' ప్రీమియర్ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. కుటుంబంతో సరదాగా సినిమా చూద్దామని వచ్చిన మనుషులు వాళ్లు. ఆ మరుసటి పొద్దున మా బండి దగ్గర సినిమా ఎలా ఉందని అడిగినవాడు లేడు. పిల్లాడికి ఎలా ఉందని అడిగారు.

అభిమానం పేరుతో జరిగే రగడను, ఇంట్లో కూర్చుని చెప్పుకునే ఇష్టాయిష్టాలను ఒకే గాటన కట్టకూడదని నేననేది ఇందుకే. మొదటిదానికి గెలవాలన్న పంతం ఉంది, ఓడిపోతానన్న భయం ఉంది. ఆ రెండూ లేని మనిషి నిన్న నచ్చలేదన్న సినిమాను ఇవాళ నచ్చిందనగలడు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకుండా.

'బలగం' నాటి ముచ్చట కూడా చెప్పాలి. వేణు యెల్దండి తీసిన ఆ సినిమా 2023 మార్చి 3న వచ్చింది. పెద్ద తారల్లేరు. చావు ఇంట్లో పదకొండు రోజులపాటు జరిగే తంతు, పిట్టకు పెట్టే ముద్ద, తెగిపోయిన బావ–బామ్మర్దుల బంధం, ఇదే కథ. మూడు వారాల్లో ఓటీటీలోకి వచ్చినా థియేటర్లో ఆడుతూనే ఉంది. అంతటితో ఆగలేదు. తెలంగాణ పల్లెల్లో గ్రామపంచాయతీల ముందు తెర కట్టి ఊరందరికీ వేశారు. అలా వేయడం మీద నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేసేదాకా పోయింది. వాళ్ల హక్కు వాళ్లది, కాదనలేం. కానీ చాపలేసుకుని కూర్చున్న ఆ జనం చివర్లో బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట దగ్గర కొంగులు కళ్లకు అద్దుకోవడం, సినిమా చూశాక మాటల్లేని అన్నదమ్ములు మళ్లీ కలిశారన్న వార్తలు రావడం, ఏ బాక్సాఫీస్ అంకెలోనూ పట్టవు. సుచిత్రలో ఉండే మెదక్, సిద్దిపేట కుటుంబాలు ఆ నెలలో ఊరికి ఫోన్ చేసి "చూసిన్రా?" అని అడగడం నేను విన్నాను. శ్రీకాకుళం కుర్రాడు కూడా చూశాడు. "మా ఊళ్లో ఇలాంటి తంతు లేదు గానీ, మా బాబాయి గుర్తొచ్చీసినాడు" అన్నాడు.

చానళ్లకు నాదొక విన్నపం ఉంది. ఏ సినిమా ఎన్నోసారి వేస్తే జనం ఎక్కడ ఆగి చూస్తున్నారో వాళ్లకు తెలుసు. థియేటర్ గడప తొక్కని ఎందరో తెలుగువాళ్ల అభిరుచి ఆ లెక్కల్లోనే ఉంది. దాన్ని ప్రకటనల ధర కట్టడానికి మాత్రమే వాడుకుని పక్కన పెట్టేస్తున్నారు. కథ రాసేవాళ్లకు, తీసేవాళ్లకు అది అందితే 'ఖలేజా' లాంటి సినిమాకు పదిహేనేళ్లు ఆగాల్సిన గతి పట్టదు. మైకులు పట్టుకుని తిరిగే యూట్యూబ్ తమ్ముళ్లు కూడా మొదటిరోజు మొదటి ఆట వదిలి, పది రోజులాగి కుత్బుల్లాపూర్ గల్లీల్లోకి రావచ్చు. టైలరమ్మ చెప్పేది వినడానికి రెండు నిమిషాల వీడియో సరిపోదు.

ఇక మా అపార్ట్‌మెంట్‌లో ఎప్పటికీ తెగని పంచాయితీ 'అమృతం'ది. గుణ్ణం గంగరాజు సృష్టించిన ఆ సీరియల్ జెమినిలో 2001 నవంబర్ 18న మొదలై 2007 నవంబర్ 18న ముగిసింది. ఇప్పుడు పిల్లలు అన్నం తింటూ యూట్యూబ్‌లో చూస్తున్నారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గురించి రెండో మాట లేదు. 2018లో ఆయన పోయినప్పుడు మా వాచ్‌మన్ కూడా తనవాళ్లెవరో పోయినట్టు బాధపడ్డాడు. అప్పాజీ, సర్వం పాత్రల మీదా తగాదా లేదు. తగాదా అంతా ప్రధాన పాత్ర అమృతరావు మీదే. శివాజీరాజాతో మొదలైంది, నరేష్ వచ్చాడు, తర్వాత హర్షవర్ధన్ వచ్చి ఎక్కువకాలం ఉన్నాడు. కుర్రకారంతా హర్షవర్ధన్ పక్షం, ఆ తడబాటు, ఆ అమాయకపు తెలివి ఇంకెవరికీ రావంటారు. మూడో అంతస్తు మాస్టారు నరేష్ టైమింగ్ గురించి పావుగంట మాట్లాడగలరు. నేను శివాజీరాజా వైపు. అమృతరావు తన హోటల్ అమృత విలాస్ తెరిచిన తొలి రోజుల్లో, రేపటికల్లా లక్షలొచ్చిపడతాయన్న ఆశ ఆయన మొహంలో కనిపించినంత నిజంగా తర్వాత ఎవరిలోనూ కనిపించలేదు. మాస్టారు ఒప్పుకోరు. వచ్చే ఆదివారం ఆయన తనకు నచ్చిన ఎపిసోడ్ వేసి చూపిస్తానన్నారు. వెళ్తాను.